ఫొటో ఒక్కటే దించుకోకండి, చీటీ కూడా: టోనీ ఫ్రిసెల్ ఫ్యాషన్ ఫొటోలను వెతికి వాడుకోవడం ఎలా

అమెరికన్ ఫొటోగ్రాఫర్ టోనీ ఫ్రిసెల్ పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు టోనీ చివర ‘వై’ రాదు, ‘ఐ’ వస్తుంది. ఫ్రిసెల్‌లో ఎస్‌లు రెండు, ఎల్‌లు రెండు. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మనం తప్పు కొట్టినా ఆవిడ ఏమీ అనుకోదులెండి. వయసులో ఉండగా వోగ్ పత్రికలో ఫొటోల కింద నాలుగు మాటలు రాసే ఉద్యోగం చేస్తూ, స్పెల్లింగులు తప్పుతున్నందుకే ఆ ఉద్యోగం పోగొట్టుకుందని చెబుతారు. అదే పత్రికలో ఉన్న కార్మెల్ స్నో అనే సంపాదకురాలు, రాత వదిలేసి కెమెరా పట్టమని సలహా ఇచ్చింది. ఈ స్నో గారు మళ్లీ ఒకసారి వస్తారు, గుర్తుపెట్టుకోండి.

నేను నాటకాలకి బట్టలు కుడతాను. కొన్నేళ్ల కిందట, 1950ల అమెరికాలో జరిగే కథ ఒకటి వేస్తూ గౌన్లు కావాలన్నారు. ఎవరో ఎవరికో పంపగా నా ఫోన్‌కి చేరిన ఫొటో ఒకటి ఉంది. దాని మీద ‘1950ల ఫ్యాషన్’ అని రాసుంది. భుజాలకి దళసరి ప్యాడ్లు, మోకాలి దగ్గర ఆగిపోయిన సన్నటి లంగా. అచ్చం అలాగే కుట్టాను. నాటకం అయ్యాక ఒక పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చి, “అమ్మా, ఈ గౌను యుద్ధం రోజులది కదూ?” అన్నారు. ఇంటికెళ్లి వెతికితే ఆ ఫొటో 1943ది. ఊరూ పేరూ తేదీ లేని బొమ్మని నమ్మి కత్తెర పట్టుకున్నందుకు ఎవర్ని తిట్టుకోవాలి? అందుకే ఇప్పుడు చీటీ, అంటే ఊరూ పేరూ తేదీ చెప్పే వివరాలు, లేని ఫొటోని నా మిషన్ దగ్గరికి రానివ్వను. చీటీతో సహా దొరికేచోటు ఒకటి చూపిస్తాను, దాన్ని ఎలా వాడుకోవాలో నా పద్ధతిలో చెబుతాను.

టోనీ ఫ్రిసెల్ 1907లో న్యూయార్క్‌లో పుట్టింది, 1988లో పోయింది. వోగ్‌కీ, తర్వాత హార్పర్స్ బజార్‌కీ ఫ్యాషన్ ఫొటోలు తీసింది. స్టూడియో దీపాల కింద బొమ్మల్లా నిలబెట్టి ఫొటోలు తీసే రోజుల్లో మోడళ్లని ఎండలోకి, గాలిలోకి, సముద్రపొడ్డుకి తీసుకెళ్లింది. 1971లో తన దగ్గరున్నదంతా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేసింది. అంతా అంటే సుమారు 3,40,000 వస్తువులు. అందులో నలుపు తెలుపు నెగటివ్‌లే దాదాపు 2,70,000. రంగు ట్రాన్స్‌పరెన్సీలు (స్లైడుల్లాంటి రంగు ఫిల్ములు) 42,000 దాకా, పెద్ద ప్రింట్లు 25,000 దాకా ఉంటాయి. ఇంట్లో కూర్చుని చూడగలిగేది అందులో కొంతే. ఆ కొంతలోనే మనకి ఏళ్లకి సరిపడా పని ఉంది.

1. ముందు కాగితం, తర్వాత కంప్యూటర్

ఏం చూడటానికి వెళ్తున్నారో ఒక్క వాక్యం రాసుకోండి. ‘పాతకాలం ఫ్యాషన్’ అని రాస్తే లాభం లేదు. ‘1948 ప్రాంతంలో పగటిపూట వేసుకునే గౌనుకి నడుం దగ్గర కుచ్చిళ్లు ఎలా పట్టారు’ అని రాయండి. ఈ కాగితం పక్కన లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. గుర్రప్పందేల ఫొటోలు, యుద్ధంలో పైలట్ల ఫొటోలు, పిల్లల ఫొటోలు చూస్తూ రాత్రి ఒంటిగంట అవుతుంది. ఆవిడ తీయనిది లేదు మరి. 1945లో ఇటలీలోని రామిటెల్లి వైమానిక స్థావరానికి వెళ్లి నల్లజాతి యుద్ధ విమాన చోదకుల్ని తీసిన ఫొటోలు కూడా ఈ సేకరణలోనే ఉన్నాయి. చూడండి, తప్పక చూడండి, కానీ ఇంకో రోజు.

2. అమ్మేవాళ్ల మాటలు వద్దు, లైబ్రరీవాళ్ల మాటలు వాడండి

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ప్రింట్లు, ఫొటోల కేటలాగు విడిగా ఉంటుంది. అక్కడికి వెళ్లి ఫ్రిసెల్ పేరు కొట్టి, పక్కన ఇంకో మాట చేర్చండి. ఆ రెండో మాటలోనే ఉంది కిటుకు. ‘వింటేజ్’ అని కొట్టకండి. అది దుకాణం మాట, కేటలాగు రాసే లైబ్రేరియన్ ఆ మాట వాడరు. వాళ్ల దగ్గర వస్తువులకి ఖాయం చేసుకున్న పేర్ల పట్టిక ఉంటుంది. బట్టలకి ‘క్లోతింగ్ అండ్ డ్రెస్’, ఈత దుస్తులకి ‘బేదింగ్ సూట్స్’, టోపీలకి ‘హ్యాట్స్’, మొత్తంగా ఈ రకం బొమ్మలకి ‘ఫ్యాషన్ ఫొటోగ్రాఫ్స్’. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఒక మంచి ఫొటో దొరికిందనుకోండి. దాని వివరాల పేజీలో కిందికి వెళ్తే విషయాల పేర్లు వరుసగా, నొక్కడానికి వీలుగా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని నొక్కితే అదే పేరు కింద పెట్టినవన్నీ వస్తాయి. సంతలో మంచి వంకాయలు దొరికిన బుట్టలోనే ఇంకో నాలుగు ఏరుకున్నట్టు. మీ ఊహకి తట్టిన మాటలతో ఇరవైసార్లు వెతకడం కన్నా ఇది నయం.

3. చీటీ చదవడం

ఫొటో పక్కన ఉండే వివరాలనే నేను చీటీ అంటున్నాను. చాలామంది దాన్ని దాటేసి బొమ్మని పెద్దది చేసుకుంటారు. రెండు నిమిషాలు ఆగండి.

పేరు చదరపు బ్రాకెట్లలో ఉంటే, అది ఫొటో మీద రాసున్న మాట కాదని అర్థం. కేటలాగు చేసినవారు చూసి పెట్టిన పేరు. కాబట్టి అక్కడ ‘సాయంత్రపు గౌనులో స్త్రీ’ అని ఉంటే అది ఒక లైబ్రేరియన్ అభిప్రాయం. మంచి అభిప్రాయమే, కానీ కుట్టుపనివారి అభిప్రాయం కాదు. తేదీ దగ్గర కూడా ఇంతే. ఉత్త 1947 అని ఉంటే ఒక లెక్క. ముందు ‘సుమారు’ అని సూచించే రెండక్షరాలుంటే, వెనక ప్రశ్నార్థకం ఉంటే, ‘ఫలానా ఏడుకీ ఫలానా ఏడుకీ మధ్య’ అని ఉంటే ఒక్కోటీ ఒక్కో లెక్క. మీ నోట్సులో ఆ ప్రశ్నార్థకాన్ని కూడా దించుకోండి. నా యుద్ధకాలపు గౌను పుట్టింది ఎవరో ఒకరు అలాంటి గుర్తుని వదిలేసినచోటే అయ్యుంటుందని నా అనుమానం.

నంబర్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి వస్తువు ఏ పెట్టెలో, ఏ అరలో ఉందో చెప్పే కాల్ నంబరు. రెండోది ఆ బొమ్మ కాపీకి ఇచ్చిన రీప్రొడక్షన్ నంబరు, ఇది ఎల్‌సీ అని మొదలవుతుంది. రెండూ రాసుకోండి. రేపు ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, ‘నీళ్లలో అమ్మాయి ఉంటుంది చూడండి, ఆ ఫొటో’ అని చెప్పాల్సిన పని ఉండదు.

4. ఒక ఫొటోతో చేసి చూద్దాం

నీళ్లలో అమ్మాయి అన్నాను కదా, అది ఈ సేకరణలో అందరికీ తెలిసిన ఫొటో. లేతరంగు పొడవాటి గౌను వేసుకున్న స్త్రీ నీళ్లలో తేలుతుంటుంది. కెమెరా నీటి అడుగు నుంచి చూస్తుంది. 1962లో ఒక జాజ్ రికార్డు అట్ట మీదకి ఎక్కింది, ఆ తర్వాత ఇంకా చాలా అట్టల మీద. అంతమంది చూసినా తీసినామె పేరు తెలిసినవాళ్లు తక్కువ. చీటీ ఊడిపోయి తిరుగుతున్న ఫొటోల్లో మొదటి వరస దీనిదే.

కేటలాగులో ఫ్రిసెల్ పేరుతో పాటు ‘వీకీ వాచీ’ అని కొట్టండి. చీటీలో ఆ ఊరు ఉంటుంది: వీకీ వాచీ స్ప్రింగ్, ఫ్లోరిడా, 1947. ఇప్పుడు బొమ్మని పక్కన పెట్టి ఆ ఊరి పేరుని విడిగా వెతకండి. అది నేలలోంచి ఊరే పెద్ద ఊటబావి లాంటి చోటు. నీళ్లు ఏడాది పొడవునా సుమారు 23 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి, అడుగు దాకా కనిపించేంత తేటగా ఉంటాయి. నేవీలో పనిచేసి వచ్చిన న్యూటన్ పెర్రీ అనే ఆయన అక్కడ నీళ్ల కింద ఒక ప్రదర్శనశాల కట్టి, అమ్మాయిలు గొట్టంతో గాలి పీలుస్తూ జలకన్యల్లా ఈదే ఆట మొదలుపెట్టాడు. దాన్ని తెరిచింది 1947 అక్టోబర్‌లోనే. ఫొటో ఆ డిసెంబర్ హార్పర్స్ బజార్‌లో అచ్చయింది.

ఒక్క ఊరి పేరుతో చూడండి ఎంత తేలిందో. దీన్ని చూసి మునిగిపోతున్న మనిషి అనీ, ఆత్మ అనీ కథలు అల్లేవాళ్లున్నారు. చీటీ చదివితే, ఇది ఒక పత్రికకి తీసిన ఫ్యాషన్ ఫొటో. ఇక కుట్టేవాళ్ల కన్నుతో గౌను వైపు చూడండి. గాలిలో బట్ట బరువుకి కిందికి వేలాడుతుంది. ఇక్కడ నీళ్లు దాన్ని అన్ని వైపుల నుంచీ ఎత్తి పట్టుకున్నాయి, అందుకని లంగా ఘేరు, అంటే కింది చుట్టుకొలత, ఎంతుందో ఈ ఫొటోలో తేల్చలేం. అందం కోసం గోడకి తగిలించుకోండి, కొలత కోసం వేరే ఫొటో చూడండి. నా కాగితం మీద దీని పక్కన ‘కొలతకి పనికిరాదు’ అని రాసుంటుంది.

5. తేదీ నిజమో కాదో బట్టనే అడగండి

చీటీలో తేదీ అనుమానంగా ఉంటే కుట్టు సాక్ష్యం చెబుతుంది. అమెరికాలో యుద్ధకాలపు ఉత్పత్తి బోర్డు 1942 ఏప్రిల్‌లో ఎల్-85 అనే ఉత్తర్వు ఇచ్చింది. ఆడవాళ్ల బట్టల్లో గుడ్డ ఎంత వాడొచ్చో లెక్క కట్టింది. లంగా ఘేరుకి హద్దు, కింది మడత రెండంగుళాలు దాటకూడదు, పైన కుట్టే జేబులు వద్దు. అందుకే ఆ నాలుగేళ్ల బట్టలు ఒంటికి అంటిపెట్టుకుని, మోకాలి దగ్గర ఆగి, భుజాల దగ్గర మాత్రం డబ్బాలా ఉంటాయి. 

తర్వాత 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ అనే డిజైనర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. భుజం జారింది, నడుం బిగిసింది, లంగా పిక్కల కిందికి దిగి గొడుగులా విచ్చుకుంది. దానికి ‘న్యూ లుక్’ అన్న పేరు నిలబడింది ఆనాడు అది చూసిన కార్మెల్ స్నో మాట వల్లే. అప్పటికి ఆవిడ హార్పర్స్ బజార్ సంపాదకురాలు. ఫ్రిసెల్‌ని కెమెరా పట్టమన్న స్నో ఈవిడే.

కాబట్టి ఫొటో చేతిలోకి రాగానే మూడు చోట్ల వేలు పెట్టండి: భుజం, నడుం, లంగా అంచు. డబ్బా భుజం, మోకాలి అంచు అయితే 1942 నుంచి 1946 వైపు చూడండి. జారు భుజం, పిక్క దాటిన అంచు అయితే 1947 తర్వాత. ఇంగ్లండులో తీసినదైతే ఇంకొంచెం జాగ్రత్త పడాలి, ఎందుకంటే అక్కడ బట్టల రేషన్ 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా సాగింది. డియోర్ గొడుగు విప్పినా, కూపన్లు లెక్కపెట్టుకునే ఆడవాళ్లకి అంత గుడ్డ ఎక్కడిది?

6. చీటీ చెప్పనిది ఏమిటి?

తీసినవారి పేరు చీటీలో ఉంటుంది. కుట్టినవారి పేరు చాలాసార్లు ఉండదు. మోడల్ పేరు కూడా తరచూ ఉండదు. ఖాళీగా ఉన్న చోటుని ఖాళీ అనే రాసుకోవాలి, ఊహతో నింపకూడదు. నింపగలిగితే మాత్రం బయట వెతికి నింపాలి.

1953 సెప్టెంబర్ 12న అమెరికాలోని న్యూపోర్ట్‌లో, తర్వాత ఆ దేశాధ్యక్షుడైన జాన్ కెనడీకీ జాక్వెలిన్ బువియేకీ పెళ్లి జరిగింది. ఫొటోలు తీసింది ఫ్రిసెల్. కేటలాగులో తేలిగ్గానే దొరుకుతాయి. పెళ్లికూతురి లంగా దగ్గర ఆగి బొమ్మని పెద్దది చేయండి. దంతపు రంగు సిల్కు టాఫెటా అనే బిరుసు పట్టుగుడ్డ, దాని మీద అదే గుడ్డని సన్నటి ముడతలుగా తీసి చక్రాల్లా కుట్టారు. చక్రంలో చక్రం, అంచు చుట్టూ పెద్ద పెద్దవి. ఒక్క చక్రానికి ఎంత పట్టీ పడుతుందో, ఎంత చేతిపని పడుతుందో మిషన్ ముందు కూర్చున్నవాళ్లకి వేరే చెప్పాలా? గౌనుకి 50 గజాల గుడ్డ పట్టింది, అంటే 45 మీటర్ల పైమాటే. 

కుట్టింది ఆన్ లో. అలబామాలో పుట్టిన నల్లజాతి డిజైనర్. పెళ్లి పది రోజులుందనగా ఆవిడ పనిశాలలో నీళ్లు పొంగి గౌను పాడైతే, మళ్లీ మొదట్నుంచీ కుట్టి అందించింది. ఆనాటి పత్రికల్లో ఆవిడ పేరు దాదాపుగా కనిపించదు. ఫొటో మాత్రం ప్రపంచమంతా తిరిగింది. నా ఫైల్లో ఫ్రిసెల్ తీసిన ఆ పెళ్లి ఫొటోలన్నిటికీ ఆన్ లో పేరు నేనే చేర్చుకున్నాను, పక్కన ‘ఇది చీటీలో లేదు, నేను రాసింది’ అన్న గుర్తుతో. మీరూ అలా వేరే గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఏది లైబ్రరీ మాటో ఏది మీ మాటో ఏడాది తర్వాత మీకే తెలియదు.

7. దించుకోవడం, పేరు పెట్టడం, ప్రింటు తీయడం

వివరాల పేజీలో ఒకే బొమ్మ రెండు మూడు సైజుల్లో ఉంటుంది. చూడటానికి చిన్న జేపెగ్ చాలు. కుట్లు, గుండీల లెక్క, కుచ్చిళ్ల లెక్క కావాలంటే టిఫ్ అనే పెద్ద ఫైలు దించుకోండి. అది పదుల ఎంబీల్లో ఉంటుంది కాబట్టి ఫోన్ డేటాతో కాకుండా వైఫై దగ్గర చేసుకోండి.

దించుకున్న మరుక్షణం పేరు మార్చండి. నేను పెట్టే వరస: ఇంటిపేరు, సంవత్సరం, ఊరు, రీప్రొడక్షన్ నంబరు. ‘ఇమేజ్ 4 కాపీ’ అన్న పేరుతో వదిలేస్తే ఆ చీటీని మీ చేత్తో మీరే చించినట్టు. టిఫ్‌ని ముట్టుకోవద్దు. కాంతి పెంచాలన్నా, కోసుకోవాలన్నా ఇంకో కాపీ తీసుకుని దాని మీద చేయండి.

ప్రింటు లెక్క సులువు. బొమ్మ అడ్డం ఎన్ని పిక్సెళ్లుందో చూసి 300తో భాగిస్తే, అన్ని అంగుళాల వెడల్పున శుభ్రంగా వస్తుంది. 3,000 పిక్సెళ్లుంటే పదంగుళాలు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 100తో భాగించినా నడుస్తుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి కాలేజీ ప్రదర్శనకి 640 పిక్సెళ్ల బొమ్మని మూడడుగుల వెడల్పున వేయించింది. అంగుళానికి 18 పిక్సెళ్లు కూడా పడలేదు. దగ్గరికెళ్తే మోడల్ ముఖం గళ్లుగళ్లుగా ఉంది.

8. కత్తెర పట్టే ముందు

ఈ మెట్టు నా తోటి దర్జీల కోసం. ఫ్రిసెల్‌కి నేల మీద కూర్చునో పడుకునో కింది నుంచి పైకి తీయడం ఇష్టం. అలా తీస్తే కాళ్లు సాగుతాయి, తల చిన్నదవుతుంది, లంగా అసలు కన్నా పొడుగ్గా కనిపిస్తుంది. ఆ ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచి కుడితే మీ గౌను అంచు నేలని ఊడుస్తుంది. కనుచూపు ఎత్తున తీసిన ఫొటో దొరికేదాకా వెతకండి. దొరికితే తల పొడవుని ఒక కొలతగా తీసుకుని, నడుం ఎన్ని తలల కింద ఉంది, అంచు ఎన్ని తలల కింద ఉంది అని లెక్కపెట్టి వేసుకునేవారి కొలతకి మార్చుకోండి.

ముందువైపు బిగువు చూసి మోసపోవద్దు. ఫ్యాషన్ ఫొటోలో వెనకాల గుడ్డని పిన్నులతో, క్లిప్పులతో లాగి బిగించడం మామూలే. డాట్లు (ఒంటికి పట్టేలా గుడ్డని మడిచి వేసే కుట్లు) ఎక్కడున్నాయో స్పష్టంగా కనిపించేదాకా ఆ నడుం కొలత నిజమని ఒప్పుకోకండి. వీలైతే అదే రోజు, అదే చోట తీసిన పక్క ఫొటోలు చూడండి. ఒకదానిలో దాచిన వీపు ఇంకోదానిలో కనిపించొచ్చు.

రంగు సంగతి. నలుపు తెలుపులో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులోకి దిగగలవు. రంగు ట్రాన్స్‌పరెన్సీ దొరికినా దాన్ని పట్టుకుని దారం రంగు కలపకండి. ఆనాటి కొన్ని ఫిల్ముల రంగులు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి, పైగా మీ తెర రంగు మీ తెరది. ముదురా లేతా అన్నంతవరకు నమ్మండి.

9. వాడుకునే హక్కు

ఫ్రిసెల్ తన ఫొటోల హక్కుల్ని కూడా ప్రజలకే వదిలేసింది. కాబట్టి ఆమె తీసినవి అచ్చువేసుకోవచ్చు. కానీ సేకరణలో ఇతరులు తీసినవీ ఉండొచ్చు కాబట్టి ప్రతి ఫొటో చీటీలో హక్కుల వరుస చదవండి. పత్రికలో అచ్చయిన పేజీ వేరే సంగతి, దాని హక్కులు పత్రికవి. తెలిసిన ముఖాన్ని మీ బొటిక్ ప్రకటన మీద వేస్తే ఇంకో రకం చిక్కు. ఫొటో కింద ‘లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ప్రింట్స్ అండ్ ఫొటోగ్రాఫ్స్ డివిజన్, టోనీ ఫ్రిసెల్ కలెక్షన్’ అని, పక్కన నంబరు వేయండి.

10. నెట్‌లో దొరకకపోతే

లైబ్రరీ వెబ్‌సైట్‌లో ‘ఆస్క్ ఎ లైబ్రేరియన్’ అనే చోటు ఉంటుంది. ప్రశ్న రాయడానికి డబ్బులేమీ కట్టనక్కర్లేదు. ఇంగ్లీషులో, పొట్టిగా, ఒకే ఒక ప్రశ్న రాయండి, కాల్ నంబరు ఇవ్వండి. ‘1950ల గౌన్లన్నీ పంపండి’ అని రాస్తే పాపం వాళ్లేం చేస్తారు? స్కాన్ చేయించి పంపాలంటే మాత్రం రుసుము ఉంటుంది.

వర్జీనియాలో, మేరీల్యాండ్‌లో ఉన్న మనవాళ్లకి, వాళ్ల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకి ఇంకో దారి ఉంది: నేరుగా వెళ్లడం. ఫొటోల పఠనమందిరం వాషింగ్టన్‌లో లైబ్రరీవారి మ్యాడిసన్ భవనంలో ఉంది. 16 ఏళ్లు నిండినవాళ్లకి ఉచితంగా రీడర్ కార్డు ఇస్తారు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి. వెళ్లే ముందే ఏ నంబర్లు చూడాలో రాసి పంపి, రోజు ఖాయం చేసుకోండి, ఎందుకంటే అడిగినవన్నీ అప్పటికప్పుడు బయటికి తీసేలా ఉండవు. సంచీ బయట పెట్టేయాలి. పెన్ను లోపలికి రానివ్వరు కాబట్టి చెక్కిన పెన్సిళ్లు రెండు తీసుకెళ్లండి. చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. ప్రింటుని వెనక్కి తిప్పి చూపించమని అక్కడివారిని అడగండి. ముందు వైపు దొరకని ఊరూ తేదీ ఒక్కోసారి వెనకాల పెన్సిల్‌తో రాసి ఉంటాయి.